పుస్తకంలోంచి తీసేసిన మనిషి

బాల్యం గురించి రాసేవాళ్లకు కలంలోంచి తేనె కారుతుంది. నాకు కారదు, ముందే చెప్పేస్తున్నాను. శంషాబాద్ పక్కనున్న మా ఊరు ఇప్పుడు సగం లేదు. మా ద్రాక్షతోట ఉన్నచోట ఎయిర్‌పోర్టుకు పోయే కార్లు కళ్లు మూసుకుని ఉరుకుతుంటాయి. ఎవరైనా నా దగ్గరకొచ్చి, అయ్యో ఎంత చల్లటి ఊరో, ఎంత మంచి మనుషులో, ఆ రోజులే వేరు అని నిట్టూరిస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. వేరే, ఎవరు కాదన్నారు? ఆ రోజుల్లో ఉన్నది నేను, నిట్టూర్చేది వీళ్లు. అంబలి ఇప్పుడు ఎయిర్‌పోర్టు దారిలోని హోటళ్లలో మట్టి ముంతలో పోసి ఇస్తున్నారట. వేరే ఏమీ దొరకనివాడు తాగేదని చెప్తే నవ్వుతారు.

మొన్న నా మనవరాలికి బళ్లో ఒక పుస్తకం ఇచ్చారు. అట్టంతా రంగులు, లోపల పేజీకి నాలుగు ముక్కలు. పాతకాలపు అమెరికా హాస్య రచయిత ఒకాయన రాసిన పెద్ద నవలను పిల్లల కోసం చిన్నది చేశారు. సముద్రమంత నది, నది మీద తెప్ప, తెప్ప మీద చినిగిన టోపీతో ఒక పిల్లవాడు, పక్కన తోక ఊపుతూ ఒక కుక్క. నేను పేజీలు ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను. ఆ తెప్ప మీద పిల్లవాడితో పాటు యజమాని దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన ఒక బానిస ఉండాలి. ఆ కథకు ప్రాణమే ఆయన. ఎంత వెతికినా లేడు.

మా కోడలిది కోస్తా. మంచి పిల్ల, గట్టిగా మాట్లాడి ఎరగదు. ఇదేంటమ్మా, మనిషిని తీసేసి కుక్కను పెట్టారు అన్నాను. "చిన్నపిల్లలకి ఆ బానిసలూ అవీ ఎందుకండీ అత్తయ్యగారూ? సరదా కథ సరదాగా ఉంటే చాలు కదా" అంది. సరిగ్గా ఇదే మాట, ఇంతకంటే మొరటుగా, మా తాత నోట విన్నాను.

మా తాతను ఊరంతా పటేలా అని పిలిచేవారు. పెద్ద దొరేమీ కాదు. ఒక బావి, కొంత మెట్ట, ఒక ద్రాక్షతోట, అంతే. గొప్ప మాత్రం గోల్కొండంత. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. తలపాగా చుట్టుకుని, చుట్ట నోట్లో పెట్టుకుని తోట గట్టు మీద నిలబడితే ఆకాశం కూడా ఆయన కిరాయికి ఇచ్చిందే అన్నట్టు ఉండేది.

ఇంటి వాసన ఏమిటని అడిగితే గంధకమని చెప్తాను. ద్రాక్ష తీగలకు బూజు పట్టకుండా గంధకం పొడి చల్లేవారు. అది మా బట్టల్లో, జుట్టులో, చివరికి జొన్నరొట్టెలో కూడా ఉండేది. పచ్చిపులుసు జుర్రుకుంటే ముందు గంధకం, తర్వాత చింతపండు తగిలేవి. నేనూ మా మేనత్త కొడుకూ పందిరి కింద దూరి గుత్తిని తెంపకుండా వెనకవైపు పళ్లు మాత్రమే కొరికి తినేవాళ్లం. ముందునుంచి చూస్తే గుత్తి నిండుగానే కనిపించేది. పెదాలు భగ్గుమని మండేవి. ఆ మంటను బట్టే మా అమ్మ దొంగల్ని పట్టేది.

ఎండలు ముదిరే ముందు కాయ కోత మొదలయ్యేది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వచ్చి పందిరి కింద వరసగా కూర్చుని, గుత్తుల్లో కుళ్లిన పళ్లను చిన్న కత్తెరతో తీసేసి, గడ్డి పరిచిన వెదురు గంపల్లో సర్దేవారు. వాళ్లు పళ్లు తింటారని తాతకు నిద్ర పట్టేది కాదు. తోట విరగకాస్తే మనిషన్నవాడు సంతోషించాలి, ఈయన మాత్రం పరేషాన్ అయ్యేవాడు. పనిచేసేటప్పుడు పాటలు పాడాలని ఒక ఏడు హుకుం వేశాడు. పాడే నోరు నమలదని ఆయన లెక్క. వాళ్లు బుగ్గన పండు పెట్టుకునే పాడారు, అదీ ఆయన మీద కట్టిన పాటే.

ఆ మరుసటి ఏడు మా ఊరి బడికి పంతులు వచ్చాడు. సర్కారు జిల్లాల వాడు, సన్నగా, తెల్ల లాల్చీ, ప్రతి మాటకీ చివర అండీ. ఉండటానికి ఇల్లు దొరక్క మా ముందర గదిలో దిగాడు. ఆయన పెట్టెలో ఆ అమెరికా ఆయన నవల ఉండేది, తెలుగు చేసింది, దిండంత లావు. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని పిల్లలకు చదివి వినిపిస్తుంటే, దారిన పోయే ఆడవాళ్లు గడ్డిమోపులు దింపి మరీ నవ్వారు. తాత చుట్ట తీసి చూశాడు. నవ్వేవాళ్ల నోట్లో పండు నిలవదని ఆయనకు ఆ క్షణాన తెలిసింది.

ఇంకేముంది, ఒంటిపూట బళ్లు పెట్టగానే పంతులుకు కొత్త ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా తోటలో పీట మీద కూర్చుని నవల చదవాలి. ఆ మహా రచయిత తన పుస్తకం దేనికి పనికొస్తుందని అనుకున్నాడో నాకు తెలియదు. మా ఊళ్లో ఆడకూలీల నోళ్లు కాపలా కాయడానికి పనికొచ్చింది. ఇంతకంటే నీచమైన గౌరవం ఏ పుస్తకానికీ దక్కి ఉండదు.

కాకపోతే నవ్వారు, అబద్ధం ఎందుకు! కడుపులు పట్టుకుని నవ్వారు. తాగి తన్నే ఆ పిల్లవాడి తండ్రి వస్తే, ప్రతి ఆడదీ పక్కదాన్ని మోచేత్తో పొడిచి మీ ఆయనేనే అనేది. రాజులమని చెప్పుకుని ఊళ్లు దోచుకునే ఇద్దరు మోసగాళ్లు వస్తే తాతకు ఎంత ముచ్చటో. అదే రచయిత రాసిన ఇంకో కథ పంతులు నోటితో చెప్పాడు. అందులో ఒక పిల్లవాడు కంచెకు సున్నం వేసే పనిని పెద్ద ఆటలా నటించి ఊరి పిల్లలందరి చేతా వేయిస్తాడు. వీడు పైకొస్తడు అని తాత తొడ చరిచాడు. మర్నాడే, గంపలు బండి దాకా మోయడం తెలివైన పిల్లలకు మాత్రమే ఇస్తానని చాటాడు. మేం నిజంగానే ఎగబడి మోశాం. అంగట్లో గంపలు విప్పితే పైన ఒక వరస పళ్లు, కింద ఒట్టి కాడలు. ఆ రోజు మా వీపులు విమానం మోత మోగాయి.

ఆ గంపలు రోజూ మోసేది మా జీతగాడు. జీతగాడంటే నెలకింత పుచ్చుకునేవాడు కాదు. ఉగాది నుంచి ఉగాది దాకా ఏడాది పొడుగునా ఇంటికి కుదిరిన మనిషి. పేడ ఎత్తడం, ఎడ్లకు నీళ్లు పెట్టడం, చిలకల్ని వడిసెలతో తోలడం అన్నీ ఆయన పనే. ఆయన తండ్రి నడుము వంగేదాకా మా ఇంట్లోనే చేశాడు. వంగిన రోజు కొడుకును తెచ్చి అప్పజెప్పి వెళ్లాడు. అప్పటికి పాతికేళ్లుంటాయేమో. మా ఇంట్లో పాలు తాగే పిల్లలు కూడా ఆయన పేరు చివర ‘గా’ తగిలించి ఒరే అని పిలిచేవారు. ఆయన అని నేను ఇప్పుడు అంటున్నాను, అప్పుడు అనేవాళ్లు లేరు.

గంప తీసుకుని బండి దాకా పోయి రావాలి కాబట్టి ఆయనకు కథ ముక్కలు ముక్కలుగా వినపడేది. తిరిగొచ్చి ఏమైందక్కా అని ఆడవాళ్లను అడిగేవాడు. వాళ్లు చెప్తే, ఖాళీ గంపతో మళ్లీ బయల్దేరాక ఒక్కడే నవ్వుకునేవాడు. పారిపోయిన బానిస కథలోకి వచ్చిన రోజు మాత్రం నిండు గంప నెత్తి మీద పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

ఆ రోజు పందిరి కింద చిన్న పంచాయితీయే జరిగింది. అందరిలో పెద్ద ముసలమ్మ కత్తెర పక్కన పెట్టి, చాలా గంభీరంగా, వాడు ఏడు నిండక ముందు పోయిండా నిండినంక పోయిండా అని అడిగింది. నవ్వకండి. మా వాళ్లకు తెలిసిన లోకంలో ఎంత చెడ్డ పటేలు దగ్గరైనా ఉగాది వస్తుంది. ఆ ఒక్క పొద్దున మనిషి ఉంటానంటే ఉండొచ్చు, పోతానంటే పోవచ్చు. పోయినవాడు ఎవడూ లేడు, అది వేరే సంగతి. అమెరికాలో కూడా ఉగాది ఉంటుందనే అందరూ అనుకున్నారు. పంతులు తల అడ్డంగా ఊపాడు. "అక్కడ ఏడు నిండటమనేది లేదండీ. పుట్టింది మొదలు పోయేదాకా అంతే" అన్నాడు. కత్తెరలు ఆగిపోయాయి. ఉగాది లేని దేశం ఒకటుందని వాళ్లకు ఆ రోజే తెలిసింది.

తాతా, ఆయన్ని చూడటానికి వచ్చిన పక్క తోట పటేలూ కలిసి తీర్పు చెప్పారు. ఉగాది ఉన్నా లేకున్నా మాలికుకు చెప్పకుండా పోవడం దొంగతనం, దాచిపెట్టిన పోరడు వాడికంటే పెద్ద దొంగ. ఎక్కడో నది మీద, ఎప్పుడో జరిగిన కల్పిత కథలోని మనిషిని పట్టి అప్పజెప్పాలని ఇద్దరు పెద్దమనుషులు మీసాలు దువ్వుకుంటూ చర్చించారు. పోరడు మంచోడే, రేపు పోయి చెప్తడు చూడమని తాత పందెం కూడా కాశాడు.

పోరడు చెప్పలేదు. పాపం తగిలితే తగలనీ, నేను మాత్రం ఇతన్ని పట్టివ్వను అని ఆ పిల్లవాడు తెగించే భాగం మర్నాడు పంతులు చదివాడు. ఎంత పిరికివాడైనా ఆ పేజీ దగ్గర గొంతు బాగా పలికింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మా జీతగాడు గంప దింపి నేల మీద కూర్చున్నాడు. పని వేళలో ఆయన కూర్చోగా చూడటం నాకు అదే మొదటిసారి. తాత కూడా చూశాడు.

ఆ సాయంత్రం మా అరుగు మీద తాత పంతుల్ని పిలిపించాడు. నేను స్తంభం పక్కన చింతగింజలతో ఆడుకుంటున్నాను.

"పంతులూ, కథ మంచిగుంది. గా పారిపోయినోన్ని తీసెయ్. మిగిలింది సదువు."

"కథంతా అతని మీదే నడుస్తుందండీ."

"నువ్వు నడిపియ్యి. సదువుకున్నోనివి గద."

పంతులు మా ముందర గదిలో ఉంటున్నాడు, మా ఇంటి జొన్నలే తింటున్నాడు. చిత్తమండీ అన్నాడు. చదువు మనిషికి ధైర్యం ఇస్తుందని నాకు ఆ తర్వాత చాలామంది చెప్పారు. నేను చూసిన మొదటి చదువుకున్నవాడు కుక్కిన పేనులా లోపలికి పోయాడు.

మర్నాడు తెప్ప మీదికి కుక్క వచ్చింది. బానిస మాట్లాడాల్సిన చోట పంతులు కుక్క మొరిగిందని చదివాడు. రాత్రి పిల్లవాడు నక్షత్రాలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగితే కుక్క మొరిగింది. చేపలు పట్టి వండిందెవరని ముసలమ్మ అడిగితే పంతులు చెమట తుడుచుకున్నాడు. కుక్క వండిందా పంతులూ అని ఇంకొకామె అంది. దానికి కూడా ఎవరూ నవ్వలేదు. నవ్వు పోగానే నోళ్లు ఖాళీ అయ్యాయి. నోళ్లు ఖాళీ కాగానే ద్రాక్ష లోపలికి పోవడం మొదలైంది. గంపలు తేలికయ్యేసరికి, నీకు సదవస్తలేదని తాత పంతుల్నే తిట్టాడు. తన చేత్తోనే కథ గొంతు పిసికి, అది పాడటం లేదని కోపం!

మా జీతగాడికి మాత్రం పళ్లూ పట్టలేదు, కుక్కా పట్టలేదు. ఒకరోజు బావి దగ్గర ఎడ్లకు నీళ్లు పెడుతూ, చుట్టూ చూసి నన్ను పిలిచాడు. "పాపా, గా మనిషి దొరికిండా? పంతుల్ని జర అడుగుతవా?" అన్నాడు. ఆయన మొహంలో అంత ఆత్రం నేను ఎన్నడూ చూడలేదు. బువ్వ కోసం కూడా ఆయన అట్లా అడిగేవాడు కాదు. నేను ఉరికి పంతుల్ని అడిగాను. పంతులు లాల్చీ మడత పెడుతూ, పెద్దయ్యాక నువ్వే చదువుకుందువుగానిలే అన్నాడు. పుస్తకం పెట్టెలో ఉంది, పెట్టెకు తాళం ఉంది. పోయి ఆ మాటే చెప్పాను. ఆయన ఎద్దు మెడ నిమిరి, మళ్లీ బావిలోకి చేద వదిలాడు.

కోత అయిపోవచ్చిన రోజు అందరి ముందూ అడిగేశాడు. గంప నేల మీద పెట్టి, పంతులూ గా మనిషి ఏడవోయిండు అన్నాడు. పటేలు ఉండగా జీతగాడు ప్రశ్న వేయడం మా ఊళ్లో లేదు. పంతులు పుస్తకంలోకి తల దించాడు. తాత గట్టు మీదినుంచే జవాబు చెప్పాడు.

"దొరికిండు. తన్ని తీస్కపోయిన్రు. ఇగ పని సూడు."

ఆయన తాత వైపు చూడలేదు, పంతులు వైపే చూశాడు. పంతులు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఒక్క మాట, కాదు అన్న ఒక్క మాట అని ఉంటే ఆ మనిషిని ఇవాళ ఇంత చులకనగా తలుచుకునేదాన్ని కాదు. మా జీతగాడు గంప ఎత్తుకుని బండి వైపు పోయాడు. ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు.

ఉగాది వచ్చింది. పొద్దున్నే జీతగాడికి అరుగు మీద కొత్త గొంగడి, కొత్త చెప్పులు పెట్టేవారు. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి, దండం పెట్టి, చెప్పులు తొడుక్కుంటే ఇంకో ఏడు కుదిరినట్టు. మాటలు అక్కర్లేదు. తండ్రీ కొడుకులు ఆ చెప్పుల్లో ఎన్ని ఏళ్లు తిరిగారో ఎవరూ లెక్క పెట్టలేదు. ఆ రోజు ఆయన తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి ధోతి కట్టుకుని వచ్చాడు. దండం పెట్టాడు. అమ్మ ఇచ్చిన ఉగాది పచ్చడి తాగాడు. గిన్నె కడిగి బోర్లించాడు. చెప్పుల జోలికి పోలేదు.

తొడుక్కో అన్నాడు తాత. ఏడు నిండింది పటేలా, పోతున్న అన్నాడు ఆయన, మామూలుగా, సంతకు పోతున్నట్టు. ఎక్కడికని అడిగితే కాటేదాన్ అన్నాడు. అక్కడి కార్ఖానాల్లో ఇనుము పనికి మనుషుల్ని పెట్టుకుంటున్నారట. తాతకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చుట్ట చేతిలోనే ఆరిపోయింది. గొంతు తగ్గించి, పిల్లవాడికి బుద్ధి చెప్తున్నట్టు అన్నాడు.

"గా పుస్తకంలోడు దొరికిండని చెప్పిన గదరా."

"దొరికుంటె గా ముచ్చట మీరు రెండుసార్లు సదివిపిస్తుండె పటేలా" అన్నాడు ఆయన. "తీసేపిచ్చిన్రంటేనె తెల్సింది, వాడు బతికి బయటపడ్డడని."

చెప్పి వెళ్లిపోయాడు. ఉరకలేదు, వెనక్కి తిరగలేదు. ఒట్టి కాళ్లతో ఆరాంఘర్ దారి పట్టాడు. తాత అరుగు మీదినుంచి రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు, ‘గా’ తగిలించకుండా పిలవడం అదే మొదలు. ఆ ఏడు మా ఇంట్లో పేడ మా నాయన ఎత్తాడు. కొత్త మనిషి కోసం తాత జల్‌పల్లి దాకా తిరిగాడు, ఎవరూ కుదరలేదు. ముసలమ్మ కూర్చున్నచోటల్లా ఆ ఉగాది ముచ్చట చెప్పి ఉంటుంది. ఆ మరుసటి ఉగాదికి పక్క తోట పటేలు అరుగు మీద కూడా చెప్పులు అట్లాగే మిగిలాయి. పంతులు బదిలీ చేయించుకుని పుస్తకంతో సహా వెళ్లిపోయాడు.

నేను కాలేజీకి వచ్చాక నగరంలో ఒక గ్రంథాలయంలో ఆ నవల చివరిదాకా చదివాను. ఆ మనిషి మధ్యలో నిజంగానే దొరుకుతాడు, గొలుసులు పడతాయి, చివరికి విడుదలవుతాడు. కొన్నాళ్లకు ఆరాంఘర్ దగ్గర బస్సు కోసం నిలబడితే మా పాత జీతగాడు కనిపించాడు. కాళ్లకు బూట్లు, చేతిలో టిఫిన్ డబ్బా. అన్నా అని పిలిచి, కథ మొత్తం అక్కడే చెప్పాను. నడుమల దొరుకుడు ఎవరికైన ఉంటది తియ్ పాపా అని నవ్వి, కార్ఖానా బస్సు ఎక్కాడు.

తాత ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. తోట ఎండిపోయింది, తలపాగా జారిపోయింది, గొప్ప మాత్రం అట్లాగే ఉంది. వచ్చినవాళ్లందరికీ వెనకటి మనుషుల నమ్మకం గురించి, జీతగాళ్లను కన్నకొడుకుల్లా చూసుకోవడం గురించి చెప్పేవాడు. వాళ్లు కళ్లు తుడుచుకునేవారు. మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని ఉంటే, పైకప్పు చూస్తూ, గా పుస్తకంల పారిపోయినోడు అని మొదలుపెట్టాడు. నేను తలెత్తాను. నాకు తెలుసని ఆయనకు తెలుసు, అడిగితే చెప్పేదాన్నే. ఏం లేదు తియ్ అని తాత గోడ వైపు తిరిగాడు.

ఆ పుస్తకంలోని మనిషి ఏమయ్యాడో తెలియకుండానే తాత పోయాడు. ఒక్క ప్రశ్న అడగలేక పోయాడు. నాకు జాలి వేయలేదు. ఇన్నేళ్లయింది, ఇప్పటికీ వేయడం లేదు.